నలభై ఆరు పూలగుత్తులు

రిపోర్టులో మూడో వాక్యం దగ్గరకి వచ్చేసరికి ప్రసూనకి ఒళ్లు మండింది.

"సదరు ఉద్యోగి పంపిన సందేశంలో విరామ చిహ్నాలు లేకపోవడం, అత్యవసర స్థితిని సూచించే పదజాలం లోపించడం వలన సమాచార లోపం ఏర్పడి, దురదృష్టవశాత్తూ సంఘటన చోటుచేసుకుంది."

సదరు ఉద్యోగి అంటే మెకానిక్ దేవసహాయం. సంఘటన అంటే సోమవారం పొద్దున ఐసు క్రషర్‌లో పడి అతని కుడిచేతి మూడు వేళ్లు పోవడం. చోటుచేసుకుంది అంటే, ఎవరూ ఏమీ చేయలేదు, అదే నడుచుకుంటూ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది అని.

ఇంత నున్నటి తెలుగు మేనేజర్ పూర్ణచంద్ర రాయలేడని ఆమెకి తెలుసు. రెండేళ్లుగా అతని మెసేజ్‌లు చదువుతోంది. వాటిలో సగం "ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్", మిగతా సగం దండం బొమ్మలు. ఇది ఫోన్లో ఏదో యాప్ రాసిపెట్టింది. జరిగింది రెండు ముక్కల్లో చెప్పి, మన మీదకి రాకుండా రాయమని అడిగుంటాడు. అది పాపం, దానికి వేళ్లు లేవు కదా, చక్కగా రాసిచ్చింది.

సాగరదీప్తి సీఫుడ్స్ ఆఫీసు బాపట్లలో ఉంది. రొయ్యలు శుభ్రం చేసి ఐసులో పెట్టే ప్లాంటు రేపల్లె అవతల. ప్రసూన బీటెక్ చదివి ఈ ఆఫీసులో ఉత్తరాలు, హాజరు, సెలవులు, రిపోర్టులు అన్నీ చూస్తుంది. గురువారం లోపు ప్రమాదం రిపోర్టు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కి చేరాలి. తప్పు పనివాడిదే అని అందులో ఉంటే కంపెనీ ఆసుపత్రి ఖర్చుతో చేతులు దులుపుకుంటుంది. దేవసహాయం పద్నాలుగేళ్ల ఉద్యోగం వేళ్లతో పాటే పోతుంది. మూడు వేళ్లు లేని మెకానిక్‌ని, పైగా సొంత నిర్లక్ష్యంతో పోగొట్టుకున్నాడని కాగితం మీద ఉన్నవాణ్ని, ఇంకెవరూ పిలిచి పని ఇవ్వరు.

ప్రసూన లేచి పూర్ణచంద్ర గదిలోకి వెళ్లింది.

"చదివావా? బావుందా?" అన్నాడతను. "పైన లోగో పెట్టి మెయిల్ చేసెయ్."

"సార్, ఇందులో తప్పంతా దేవసహాయం గారి మీదకి వస్తోంది."

"ఎవరి మీదకీ రాలేదే! సరిగ్గా చదువు. సమాచార లోపం అన్నాం."

"ఎవరి సమాచారం సార్, లోపం?"

పూర్ణచంద్ర కుర్చీ వెనక్కి వాల్చాడు. "చూడమ్మా. ఏం పెట్టాడతను గ్రూపులో? 'క్రషర్‌లోకి దిగుతున్నా స్విచ్ వేయొద్దు'. ఫుల్‌స్టాప్ ఉందా? కామా ఉందా? అర్జెంట్ అనుందా? ఒక ఎర్ర గుర్తైనా పెట్టాడా? చదువుకున్నదానివి, నువ్వే చెప్పు, కమ్యూనికేషన్ అంటే అదేనా?"

"చదివితే అర్థమయ్యేలానే ఉందండి. ఎవరూ చదవలేదు, అంతే."

"చదివారని కన్ఫర్మ్ చేసుకునేదాకా ఆగాలిగా!"

"ఆగాలని రూల్ ఎక్కడుంది సార్?"

"దానికి రూలెందుకు? కామన్ సెన్స్."

రూలు ఒకటి ఉండేది. ఎనిమిది నెలల క్రితం దాకా ప్లాంటులో ఒక ఎర్ర రేకు బోర్డు ఉండేది. మిషన్‌లోకి దిగే మనిషి ముందు దాన్ని మెయిన్ స్విచ్‌కి తగిలించేవాడు. తగిలించినవాడే వచ్చి తీయాలి. మేనేజరు కాదు కదా, ఓనరు వచ్చినా దాన్ని ముట్టుకోకూడదు. స్విచ్ దగ్గర ఇంకో మనిషి కూడా నిలబడేవాడు. పూర్ణచంద్ర ఒకరోజు ప్లాంటుకి వచ్చి ఆ బోర్డు చూసి నవ్వాడు. "అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు పెట్టుకుని ఇంకా రేకు ముక్కలేంటయ్యా?" అన్నాడు. ఒక గ్రూపు పెట్టించాడు. ఐసు, లోడు, సెలవు, కరెంటు కోత, గుడ్‌మార్నింగులు, పుట్టినరోజులు, మిషన్‌లో మనిషి ఉన్నాడన్న కబురు, అన్నీ అందులోనే. స్విచ్ దగ్గర నిలబడే మనిషిని ప్యాకింగ్‌కి పంపేశాడు. ఏ మెసేజ్‌కైనా పదిహేను నిమిషాల్లో జవాబు పెట్టనివాడికి సగం పూట కోత.

దాంతో అందరూ చాలా చురుగ్గా తయారయ్యారు. చదవడం మానేసి జవాబులు పెట్టడం నేర్చుకున్నారు.

"నేను జరిగింది జరిగినట్టు రాస్తాను సార్," అంది ప్రసూన. "టైములతో సహా."

పూర్ణచంద్రకి కోపం రాలేదు. అది చూసే ఆమెకి భయం వేసింది. అతను చిన్నగా నవ్వి, "రాయమ్మా, నిక్షేపంగా రాయి. తొమ్మిదింటి దగ్గర మొదలెట్టు. మొదటి లైన్లో ఎవరి పేరొస్తుందో కూడా చూసుకో," అన్నాడు. ఫోన్ అందుకుంటూ, "అన్నట్టు, ఆ గ్రూపు సాయంత్రానికి తీసేసి వేరే పేరుతో కొత్తది పెట్టు. పాత చెత్త మనకెందుకు," అన్నాడు.

ఆమె సీటుకి వచ్చి, గ్రూపు తీసేయడానికి ముందు దానిలోని మాటలన్నీ కంప్యూటర్‌లోకి దింపింది. సోమవారం పొద్దుటివి ప్రింట్ కొట్టింది. నాలుగు పేజీలొచ్చాయి. ఆఫీసు ప్రింటర్‌కి బొమ్మలు రావు. ఫోన్లో పూలగుత్తులూ కేకులూ దండాలూ ఉన్నచోటల్లా కాగితం మీద ఖాళీ గళ్లు పడ్డాయి. వరసగా గళ్లు, గళ్లు, గళ్లు. వాటి మధ్య ఒక మాటల వరస.

9:07. దేవసహాయం మెకానిక్: క్రషర్‌లోకి దిగుతున్నా స్విచ్ వేయొద్దు

ఆ తర్వాత పది నిమిషాల్లో నలభై ఆరు మెసేజ్‌లు. 9:17కి స్విచ్ పడింది.

ఆ రోజు పూర్ణచంద్ర పుట్టినరోజు. పుట్టినరోజుల పట్టిక ప్రసూన దగ్గరే ఉంటుంది. పొద్దున్నే గ్రూపులో శుభాకాంక్షలు పెట్టడం ఆమె పనే. కాగితం పైన మొదటి వరస అదే.

9:00. ప్రసూన ఆఫీస్: మా ప్రియతమ మేనేజర్ శ్రీ పూర్ణచంద్ర సార్‌కి హృదయపూర్వక జన్మదిన శుభాకాంక్షలు. అందరూ విష్ చేయండి.

ఇది ఆమెకి గుర్తుంది. నిన్నటి నుంచి దీని గురించి తనకి తాను సర్దిచెప్పుకుంటూనే ఉంది. ఉద్యోగం కదా, ఎవరున్నా పెట్టేవారు, తొమ్మిదింటికి దేవసహాయం ఇంకా ఏమీ రాయలేదు కదా. గుర్తులేనిది రెండో పేజీలో దొరికింది.

9:12. ప్రసూన ఆఫీస్: ఇంకా విష్ చేయనివాళ్లు త్వరగా చేయండి ప్లీజ్. సార్ చూస్తున్నారు.

దేవసహాయం మెసేజ్ వచ్చి అప్పటికి అయిదు నిమిషాలైంది. అది ఆమె కళ్ల ముందు నుంచే పోయింది. ఎవరు విష్ చేశారో, ఎవరు చేయలేదో పేరు పేరునా చూసుకుంటూ పోయింది తప్ప, ఏం రాశారో చూడలేదు. దేవసహాయం పేరు కనబడగానే 'ఈయన చేశాడు' అనుకుని లెక్కలో వేసుకుంది కూడా.

కాగితాలు బల్ల మీద బోర్లా పెట్టింది. బాత్‌రూమ్‌లోకి వెళ్లి మొహం మీద నీళ్లు కొట్టుకుంది. అద్దంలో చూసుకుని, "సార్ చూస్తున్నారు," అంది పైకి. ఛీ అనిపించింది. పూర్ణచంద్ర మీద వచ్చిన కోపం ఎంత హాయిగా ఉందో అప్పుడు తెలిసింది. ఇప్పుడొచ్చిన కోపం అలా లేదు. మెడ మీద తడిగుడ్డ వేసినట్టుంది.

బయటికొచ్చి, ఒక్క గంటలో రిపోర్టు రాసింది. సదరు లేదు, సంఘటన లేదు. ప్రతి వాక్యంలో ఒక మనిషి, ఆ మనిషి చేసిన పని.

"తొమ్మిది గంటలకు ప్రసూన అనే నేను గ్రూపులో మేనేజరు పుట్టినరోజు శుభాకాంక్షలు పెట్టి, అందరినీ పెట్టమన్నాను. తొమ్మిది ఏడుకి దేవసహాయం క్రషర్‌లోకి దిగుతున్నానని, స్విచ్ వేయవద్దని రాశాడు. తొమ్మిది పన్నెండుకి నేను అది చదవకుండా, మిగిలినవాళ్లను తొందరపెట్టాను. తొమ్మిది పదిహేనుకి ఆపరేటర్ మోహనకృష్ణ అది చదవకుండా శుభాకాంక్షలు పెట్టాడు. తొమ్మిది పదిహేడుకి అతను స్విచ్ వేశాడు. ఎనిమిది నెలల క్రితం మేనేజరు పూర్ణచంద్ర ఎర్ర బోర్డు తీయించాడు. స్విచ్ దగ్గర నిలబడే మనిషిని కూడా తీసేశాడు."

చదువుకుంటే కళ్లలో ఇసుక పడ్డట్టుంది. అయినా అక్షరం మార్చలేదు. దాని వెనక నాలుగు పేజీలూ కలిపి పిన్ను కొట్టి, బుధవారం సెలవు పెట్టి, పొద్దున్నే రేపల్లె బస్సెక్కింది.

మోహనకృష్ణ బస్టాండు పక్క టిఫిన్ కొట్టు దగ్గరకి వచ్చాడు. ప్లాంటు లోపల మాట్లాడనన్నాడు. ఇడ్లీ ప్లేటు ముందు పెట్టుకుని ముట్టుకోలేదు. మనిషి మూడు రోజుల్లో పీక్కుపోయాడు.

"అక్కా, నిన్న మేనేజరు గారు ఫోన్ చేశారు. నువ్వు సైలెంట్‌గా ఉంటే నీకేం కాదన్నారు. దేవసహాయం బాబాయ్ సరిగ్గా రాయలేదు అని నేను కూడా చెప్పాలంట."

"సరిగ్గా రాయలేదా?"

"నేను చదివితే కదక్కా చెప్పడానికి!" గొంతు పెరిగింది. పక్క బల్ల వాళ్లు తిరిగి చూశారు. "చేతికి గ్లౌజులు, నిండా తడి. పదిహేను నిమిషాలు దాటితే సగం పూట పోద్ది. నీ మెసేజ్ మోగింది, త్వరగా త్వరగా అని. ఒక గ్లౌజు పళ్లతో లాగి, ఫోన్ తీసి, అడుగున కేకులుంటే నేనూ కేకు పెట్టా. జేబులో వేసుకున్నా. స్విచ్ వేశా. ఇంతే. ఇంతేనక్కా."

"ఇదే రాశాను. చదువు."

అతను ఈసారి చదివాడు. పెదాలు కదుపుతూ, వేలు పెట్టుకుని, ఒక్కో మాటా చదివాడు. తన పేరు దగ్గర ఆగాడు. ఆమె పేరు దగ్గరికి వెనక్కి వెళ్లాడు.

"నీ పేరు కూడా రాసేసుకున్నావేంటి?"

"మరి నేను పెట్టలేదా?"

"పెట్టావనుకో. కానీ ఎవరైనా తమ పేరు తాము రాసుకుంటారా?" అని ప్లేటు పక్కకి నెట్టాడు. "మా ఆవిడ సంతకం పెట్టొద్దంది. ఆ మిషన్ ఆపాక బాబాయ్ అరుపు ఆగింది కానీ, నాకు ఆగలేదక్కా." పెన్ను అడిగి, తన పేరు పక్కన సంతకం గీకేసి, ఇడ్లీలు అలాగే వదిలేసి వెళ్లిపోయాడు.

రేపల్లె నుంచి తెనాలి ప్యాసింజర్లో కిటికీ పక్కన కూర్చుంది. పొలాలు చూడలేదు. ఫోన్ మోగుతూనే ఉంది. పూర్ణచంద్ర మూడుసార్లు చేశాడు. ఎత్తలేదు. తర్వాత మెసేజ్ వచ్చింది: "కాల్ మీ." ఇతను రాయాల్సినవి ఎప్పుడూ రాయడు, పిలిచి చెబుతాడు, అనుకుంది. ఆఫీసులో రెండేళ్లలో పనికొచ్చే మాట ఒక్కటీ అతని చేతి రాతలో లేదు. తిట్టేది ఫోన్లో, తీసేసేది ఫోన్లో, మాటిచ్చేది ఫోన్లో. రాతంతా కింది వాళ్లది. అందుకే తప్పులన్నీ కింది వాళ్ల రాతలోనే దొరుకుతాయి. ఫుల్‌స్టాపు లేదట. ఆ మనిషి వేళ్లు పోయే చోటికి దిగుతూ, గ్రీజు చేత్తో నాలుగు మాటలు కొట్టాడు. ఆ నాలుగు మాటల్లో ఒక్కటీ ఎక్కువ లేదు, ఒక్కటీ తక్కువ లేదు.

తెనాలి ఆసుపత్రిలో రెండో అంతస్తు, జనరల్ వార్డు. దేవసహాయం మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు. భార్య రాహేలు స్టూలు మీద కూర్చుని బత్తాయి వలుస్తోంది. ప్రసూనని చూసి లేవలేదు.

"రామ్మా. కంపెనీ తరఫున వచ్చావా?" అంది రాహేలు. "మీ మేనేజరు నిన్న వచ్చాడులే. పళ్లు పెట్టి ఫొటో తీయించుకుని పోయాడు. నువ్వు కూడా ఫొటో తీసుకుని పో."

"నేను కంపెనీ తరఫున రాలేదండి."

"మరెవరి తరఫున వచ్చావ్?"

ప్రసూన బ్యాగు తెరిచింది. కాగితాలు తీసి, "ఇన్‌స్పెక్టర్‌కి పంపే రిపోర్టండి. చదువుతాను. మీరు విని, నిజమైతే సంతకం పెట్టండి," అంది దేవసహాయంతో.

"చదువమ్మాయ్."

మొదటి వాక్యం చదివింది. రెండోదీ చదివింది. మూడో వాక్యం, "నేను అది చదవకుండా, మిగిలినవాళ్లను తొందరపెట్టాను", అనేసరికి రాహేలు చేతిలో బత్తాయి ఆగింది.

"అంటే నువ్వేనా ఆ త్వరగా త్వరగా అన్నది?"

"నేనేనండి."

"ఈయన లోపలుంటే?"

"అవునండి."

రాహేలు లేచింది. ఆమె మాటలకి వార్డంతా తలలు తిప్పింది. "ఓసి నీ చదువు మండ! అంతంత చదువులు చదివి, ఒక్క లైను చదవడానికి నీకు తీరిక లేదా? కేకుల లెక్క చూశావా, మనిషి లెక్క అక్కర్లేదా? ఆ చేత్తో ఆయన అన్నం ఎట్లా కలుపుకుంటాడే? నువ్వొచ్చి పెడతావా రోజూ? నీ కాగితాలు నువ్వు తీసుకుపో, వాటితో మాకేం ఒరగదు!"

ప్రసూన నిలబడి ఉంది. క్షమించండి అనే మాట నోటి దాకా వచ్చింది. ఈ రెండేళ్లలో ఆ మాట ఆఫీసు తరఫున ఎన్ని వందలసార్లు టైపు చేసిందో గుర్తొచ్చి మింగేసింది.

"రాహేలూ, కూచో," అన్నాడు దేవసహాయం.

"కూచోను."

"సరే, నిలబడే ఉండు. అరవకు, అంతే. అమ్మాయ్, మిగతాది చదువు."

చదివింది. ఎర్ర బోర్డు దాకా అయిపోయింది. దేవసహాయం తల అడ్డంగా ఊపాడు.

"అసలుది లేదే," అన్నాడు.

"ఏదండి?"

"నన్నెవరు దిగమన్నారో అది లేదు. నాకై నేను దిగానా? గోనెపట్టా ముక్క క్రషర్ పళ్లలో ఇరుక్కుంది, ఇంకో మనిషిని పంపండి, స్విచ్ దగ్గర నిలబెట్టి దిగుతా అన్నా. ఆయన ఏమన్నాడో తెలుసా? పదింటికి బోట్ల వాళ్లు వస్తారు, కేక్ కోస్తున్నాం, ఐసు ఆగకూడదు, మనుషులు లేరు, గ్రూపులో పెట్టి దిగిపో అన్నాడు. ఫోన్లో."

ప్రసూన కాగితాలు మళ్లీ తిరగేసింది. అంత రాసింది, పేర్లన్నీ రాసింది, తన తప్పు రాసుకుని ఎంతో గొప్ప పని చేశాననుకుంది. దిగినవాణ్ని మాత్రం ఒక్క మాట అడగకుండా రాసేసింది.

"ఎన్నింటికండి?"

"నా ఫోన్లో ఉంటది చూడు."

రాహేలు దిండు కింద నుంచి ఫోన్ తీసి, ప్రసూన చేతికివ్వకుండా, తానే పట్టుకుని చూపించింది. సోమవారం. మేనేజర్ సార్. 9:04. ఒక నిమిషం నలభై సెకన్లు.

ప్రసూన రెండు వాక్యాల మధ్య ఉన్న ఖాళీలో పెన్నుతో రాసింది. రాస్తూ పైకి చదివింది. "తొమ్మిది నాలుగుకి మేనేజరు పూర్ణచంద్ర ఫోన్ చేసి, ఇంకో మనిషిని ఇవ్వనని చెప్పి, గ్రూపులో పెట్టి దిగమన్నాడు."

"దేవసహాయం మనిషిని అడిగాడు అని కూడా రాయి. అడక్కుండా ఇవ్వననడు కదా."

"రాశానండి."

"ఆ. ఇప్పుడు సరిపోయింది."

నర్సు బల్ల మీది స్టాంపు ప్యాడ్ తెస్తానని ప్రసూన లేచింది. "ఎడమచేతి వేలిముద్ర సరిపోతుందండి, రూల్స్‌లో ఉంది."

"వేలిముద్రా?" దేవసహాయం గొంతు మొదటిసారి పెరిగింది. "ఏడో తరగతి చదివాను నేను. నేను రాసింది బాలేదన్నాడంట కదా మీవాడు. పెన్నివ్వు."

పెన్ను ఎడమచేతిలో పెట్టుకున్నాడు. అది నిలవలేదు. రాహేలు పట్టుకోబోతే మోచేత్తో తోసేశాడు. ఆమె కాగితం జరగకుండా రెండు చేతులతో అదిమి పట్టుకుంది. ప్రసూన వంక చూసి, "నువ్వు ఆ చివర పట్టుకో. ఊరికే నిలబడతావేం?" అని కసిరింది.

ప్రసూన మంచం పక్కన వంగి చివర పట్టుకుంది. మొదటి అక్షరం ఎటో పోయింది. అతను బూతు మాట ఒకటి అనుకుని, దాన్ని కొట్టేసి, పక్కన మళ్లీ మొదలెట్టాడు. పెన్ను కాగితాన్ని చీరేంత గట్టిగా నొక్కుతున్నాడు. దే వచ్చింది. వ వచ్చింది. స దగ్గర పెన్ను జారితే ఆగి, పట్టు సరిచేసుకున్నాడు. ఫోన్ ఆమె బ్యాగులో మళ్లీ మోగింది. ముగ్గురిలో ఎవరూ తల తిప్పలేదు. హా రాయడానికి చాలాసేపు పట్టింది. యం రాశాక, చూసి, నచ్చక, సున్నా మళ్లీ దిద్దాడు.

"తేదీ కూడా వెయ్యాలా?"

"వెయ్యాలండి."

"అయితే పట్టుకో, జరుగుతోంది," అన్నాడు.